బారెడు దూరం

తన డిఫెండర్లకు అతను చెప్పే పాఠం ఒక్కటే. పద్దెనిమిదేళ్లు ఆడి, తొమ్మిదేళ్లుగా కోచింగ్ ఇస్తూ, ఉన్నదంతా కాచి వడబోస్తే అతనికి మిగిలింది ఆ ఒక్క ముక్కే. బంతితో మీదికి వస్తున్నవాడికి బారెడు దూరంలో నిలబడాలి. దూకకూడదు. కాలు చాచకూడదు. వాడు ఎడమకు జరిగితే మనమూ జరగాలి, వాడు ఆగితే మనమూ ఆగాలి. వాడి కళ్లకేసి చూడకూడదు, కళ్లు బొంకుతాయి, నడుము చూడాలి. అలా కాచుకుని ఉంటే చివరికి వాడికే ఓపిక చచ్చి బంతిని జానెడు ఎక్కువ తోసుకుంటాడు. అప్పుడు వెళ్లి తీసుకోవాలి.

"తొందర వాడిది, మనది కాదు. ముందు కదిలినవాడే ఓడిపోతాడు," అనేవాడు గ్రౌండు అంచున చేతులు వెనక్కి కట్టుకుని.

మైదానంలో ఈ పాఠానికి తిరుగులేదు. ఆడే రోజుల్లో ఎంతటి ఫార్వర్డ్ అయినా అతని ముందుకొచ్చేసరికి కాళ్లు తడబడి చతికిలపడేవాడు. మూడో సీజన్లో గ్యాలరీ జనం అతనికి 'గోడ' అని పేరు పెట్టారు. సొంత పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగని దేశంలో అదే నయమనిపించింది. చివరికి క్లబ్బు ఆఫీసు గుమస్తా కూడా ఒకసారి సెలవు కాగితం మీద పొరపాటున గోడ అనే రాసేశాడు. ఈ పెద్దమనిషి దానికీ అభ్యంతరం చెప్పలేదు, గుమస్తాయే చూసుకుని దిద్దుకుంటాడులే అనుకున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ అలాగే ఉంది.

"వాళ్లకేం, శనివారం రెండు గంటలు చూసి చప్పట్లు కొట్టి పోతారు. గోడతో కాపురం చేస్తున్నది నేను," అనేది భార్య.

అతను ఈ దేశానికి వచ్చింది పంతొమ్మిదో ఏట. భుజాన ఒక సంచి, సంచిలో రెండు జతల బూట్లు, జేబులో ఒక ఏజెంటు రాసిచ్చిన చీటీ. రెండు వారాలు చూసి నచ్చితే ఉంచుకుంటాం, లేకపోతే పంపిస్తాం అన్నారు. సైకిళ్లు బాగుచేసే షాపు పైన గది ఇచ్చారు. పొద్దున్నే కింద ట్యూబుల్లో గాలి కొట్టే చప్పుడుతో మెలకువ వచ్చేది. భాష ఒక్క ముక్క రాదు. గ్రౌండులో అందరూ అరుస్తారు కాబట్టి ఆ అరుపులే ముందు వచ్చాయి. 'నాది', 'వదిలెయ్', 'వెనక', 'లైన్లోకి రా'. మొదటి ఆరునెలలూ ఈ నాలుగు మాటలతోనే కాలక్షేపం చేశాడు. రొట్టెల షాపుకు వెళ్లి అద్దంలోంచి వేలు పెట్టి చూపించి "నాది" అనేవాడు. షాపామె నవ్వుకుంటూ పొట్లం కట్టిచ్చేది. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే "వెనక" అనేవాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. అయితే రోజంతా నాలుగు మాటలే మాట్లాడి, సాయంత్రం ఆ గదిలోకొచ్చి తలుపేసుకున్న కుర్రాడికి అది నవ్వులాట కాదు. కొన్నాళ్లకు మాట్లాడకుండా ఉండటమే అలవాటైంది. భాష వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఊళ్లో ఉన్న అన్నయ్య మొదట్లో వారానికోసారి ఫోన్ చేసేవాడు. తర్వాత నెలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. ఎందుకు తగ్గించాడో ఇతను అడగలేదు. కారణం ఉంటే అన్నయ్యే చెప్తాడుగా అనుకున్నాడు. ఇప్పుడు అన్నయ్య నంబరు పనిచేస్తుందో లేదో కూడా తెలియదు.

భార్య పరిచయమైంది మందుల షాపులో. మోకాలికి పూత మందు కోసం వెళ్తే కౌంటరు వెనకున్నమ్మాయి చీటీ మీద పేరు చూసి, "మనవాళ్లేనా?" అని సొంత భాషలో అడిగింది.  మోకాలు నయమైపోయాక కూడా నాలుగు నెలలపాటు ఆ మందే కొన్నాడు. చివరికి ఆమే విసుగెత్తి, "ఇంక నీ మోకాలికి కాదు, నీ నోటికి ఇవ్వాలి మందు. సినిమాకు వెళ్దామా, లేదా?" అంది. పెళ్లి మాట కూడా ఆమే ఎత్తింది. పదకొండేళ్ల తర్వాత, అతను ఆట మానేసిన ఏడాది, వెళ్లిపోతానన్న మాటా ఆమే ఎత్తింది.

ఆ మాట అన్న రోజు నుంచి రైలెక్కిన రోజుదాకా నెల రోజుల వ్యవధి ఉంది. ఆ నెల రోజులూ ఆమె వంటగదిలో అట్టపెట్టెలు సర్దుతుంటే అతను గుమ్మంలో నిలబడి చూశాడు. ఉండిపొమ్మంటాడేమో అని ఆమె చూసింది. ఉండిపోతుందేమో అని ఇతను చూశాడు. ఎనిమిదేళ్ల కూతురు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఎవరూ కదల్లేదు, పెట్టెలు మాత్రం కదిలాయి.

తల్లీకూతుళ్లు నాలుగు గంటల రైలు ప్రయాణమంత దూరంలో వేరే ఊళ్లో స్థిరపడ్డారు. మొదటి వారం అతను తల్లి నంబరుకు ఫోన్ చేస్తే పిల్ల ఏడుపందుకుంది. తల్లి ఫోన్ తీసుకుని, "కొన్నాళ్లు ఆగు. దానికి మాట్లాడాలనిపించినప్పుడు అదే చేస్తుంది," అంది. ఆమె చెప్పింది ఆ నెలకు. ఇతను దాన్ని తొమ్మిదేళ్లకు ఖాయం చేసుకున్నాడు.

పిల్ల నిజంగానే చేసింది. ఆదివారం సాయంత్రం ఐదింటికి, ప్రతి వారం. మొదట తల్లి ఫోన్ నుంచి, పదో ఏట తనకంటూ ఒక ఫోన్ వచ్చాక దాన్నుంచి.

"నాన్నా, ఇది నా నంబరు. నా సొంతం. రాసుకో. నువ్వు చేస్తావా?" అంది ఆ రోజు, జలుబుతో ముక్కు దిబ్బడేసిన గొంతుతో.

"నీకు ఎప్పుడు వీలుంటుందో నాకేం తెలుసమ్మడూ. నువ్వే చెయ్యి. నేను ఇక్కడే ఉంటాగా," అన్నాడు అతను.

ఉండటం మాత్రం ఉన్నాడు, అందులో లోటు చెయ్యలేదు. ఆదివారం మూడింటికే గడ్డం గీసుకునేవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. ఫోన్లో చొక్కా ఎవరికి కనిపిస్తుందో ఆ దేవుడికే తెలియాలి. కారుతున్న కుళాయి కింద చప్పుడు రాకుండా గుడ్డ పెట్టి, ఫోన్ భోజనాల బల్ల మధ్యలో ఉంచి, ఎదురుగా కూర్చునేవాడు. పక్కన ఒక నోటుబుక్కు. ఆడే రోజుల్లో ఎదుటి జట్టు ఫార్వర్డ్‌లలో ఎవడు ఏ కాలితో కొడతాడో, తిరిగే ముందు ఎవడి భుజం వంగుతుందో నోటుబుక్కుల్లో రాసుకునేవాడు. అదే పద్ధతిలో కూతురి గురించీ రాసుకున్నాడు. 'లెక్కల పరీక్ష బుధవారం.' 'కొత్త స్నేహితురాలు, కళ్లద్దాలు, బాగా నవ్విస్తుంది.' 'స్కూలు జట్టులో తీసుకున్నారు. డిఫెన్స్!' ఆ ఆశ్చర్యార్థకం దగ్గర పెన్ను కాగితాన్ని చింపేసింది.

ఇన్ని రాసుకున్న మనిషి వచ్చే వారం "పరీక్ష ఎలా రాశావు?" అని అడగొచ్చు కదా. అడిగేవాడు కాదు. తనే చెప్తుంది, తొందరెందుకు అనుకునేవాడు. చెప్పినప్పుడు విని రాసుకునేవాడు. వేసవి సెలవుల్లో పదేసి రోజులు వచ్చి ఉండేది. గత రెండేళ్లుగా రాలేదు. ఎందుకు రాలేదో పుస్తకంలో రాసి లేదు.

ఇప్పుడామెకు పదిహేడేళ్లు. నెల రోజుల కిందట ఒక ఆదివారం మామూలుగానే ఐదింటికి చేసింది. వాతావరణం, తల్లి పనిచేసే మందుల షాపు, కళ్లద్దాల స్నేహితురాలు అన్నీ అయ్యాక కాస్త ఆగి, "నాన్నా, నేను ఆట మానేద్దామనుకుంటున్నా," అంది.

అతనికి అడగాల్సినవి ఒక్కసారిగా వంద తోసుకొచ్చాయి. దెబ్బేమైనా తగిలిందా? కోచ్ ఏమైనా అన్నాడా? జట్టులోంచి తీసేశారా? నిరుడు పంపిన వీడియోలో నువ్వు చివరి నిమిషంలో ఆ పిల్లను అడ్డుకున్న తీరు నేను నలభైసార్లు చూశాను, తెలుసా? ఇవన్నీ గొంతుదాకా వచ్చి అక్కడే బారెడు దూరంలో ఆగిపోయాయి. తను ఏదో ఒకటంటే అటో ఇటో తోసినట్టవుతుందేమో. ముందు ఆమెనే పూర్తిగా చెప్పనీ.

 కుళాయి కింద గుడ్డ తడిసి మళ్లీ చప్పుడు మొదలైంది.

"సరే, నీ ఇష్టం," అన్నాడు చివరికి.

"అంతేనా?"

"బాగా ఆలోచించుకునే ఉంటావుగా."

"ఊఁ," అని ఫోన్ పెట్టేసింది.

'ఆట మానేస్తుందట,' అని రాసుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారం ఫోన్ రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. మూడోవారం గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కాతో ఐదింటి నుంచి ఎనిమిదింటిదాకా బల్ల ముందు కూర్చున్నాడు. పరీక్షలేమో అనుకున్నాడు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాడు. అసలు సంగతి అతనికి తెలియదని కాదు. పిల్ల జారిపోతోందని తెలుసు. ఇంకో రెండు ఆదివారాలు ఇలాగే గడిస్తే అన్నయ్య నంబరు పక్కన ఈ నంబరూ చేరుతుందని కూడా తెలుసు. అయినా చెయ్యి ఫోన్ మీదికి వెళ్లలేదు. ఎనిమిదింటికి చొక్కా విప్పి, మడత నలగకుండా మళ్లీ హ్యాంగరుకు తగిలించాడు.

అదే రోజుల్లో క్లబ్బులో ఇంకో తద్దినం వచ్చిపడింది. అతను కోచింగ్ ఇచ్చేది క్లబ్బు రెండో జట్టుకు. ఆ జట్టు కెప్టెన్‌కు ముప్ఫై మూడేళ్లు, అతనూ డిఫెండరే. గోడ ఆఖరి సీజన్లో పక్కన నిలబడి ఆడిన కుర్రాడే ఇప్పుడు నెత్తిన నాలుగు తెల్ల వెంట్రుకలతో కెప్టెన్ అయ్యాడు. అన్నా అంటాడు. బారెడు దూరం పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించిన శిష్యుడు వాడొక్కడే.

పెద్ద కోచ్ ఇతన్ని గదిలోకి పిలిచి, "నీ కెప్టెన్‌ను వచ్చే సీజన్‌కు ఉంచుకోవడం లేదు. నా నోటితో చెప్పడం కంటే నువ్వు చెప్తే బాగుంటుంది. వారంలోపల చెప్పెయ్," అన్నాడు.

"చెప్తాను," అన్నాడు ఇతను.

రెండు వారాలు గడిచాయి. ఆ రెండు వారాలూ రోజూ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర కెప్టెన్‌తో కలిసి భోంచేశాడు. వాడు చిన్న కొడుకు పళ్లు ఊడుతున్న కబుర్లు చెప్తుంటే తలూపాడు. వాడికి ఎక్కడో అక్కడ తెలిసే ఉంటుంది, వాడే కదుపుతాడు, అప్పుడు చెప్దాం అనుకున్నాడు. ఇలా ఆచితూచి వ్యవహరించడాన్ని అతను మర్యాద అనుకునేవాడు. పిరికితనమని ఎవరైనా అంటే నిజంగా నొచ్చుకునేవాడు.

గురువారం పొద్దున ప్రాక్టీసు అయ్యాక లాండ్రీ గదిలోంచి, క్లబ్బులో అందరూ అక్క అని పిలిచే ఆవిడ కేకేసింది. ఆ గదికి ముప్ఫై ఏళ్లుగా ఆవిడే మహారాణి. జట్టు బట్టలన్నీ ఉతకడం, జెర్సీల మీద నంబర్లు వేడి ఇస్త్రీతో అంటించడం ఆవిడ పని. క్లబ్బులో కోచ్‌లు మారారు, అధ్యక్షులు మారారు, ఆవిడా ఆవిడ సబ్బు వాసనా మారలేదు.

"ఇటు రావయ్యా, నీ కోసమే!"

లోపల మిషన్లు గిరగిరా తిరుగుతున్నాయి. ఆవిరికి గోడలు చెమర్చి ఉన్నాయి. కెప్టెన్ మేజోళ్ల బుట్ట పక్కన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ మిషను పైన గోడకు ఒక కాగితం అంటించి ఉంది. వచ్చే సీజన్ నంబర్ల జాబితా. కొత్త జెర్సీలు ముందే తయారుచేయాలి కాబట్టి ఆఫీసువాళ్లు పొద్దున్నే పంపించారు. కెప్టెన్ వేసుకునే నాలుగో నంబరు పక్కన వేరేవాడి పేరుంది.

"నాకేం తెలుసు నాయనా," అంది అక్క, చేతులు ఆప్రాన్‌కు తుడుచుకుంటూ. "వాడికి తెలుసనుకునే 'నాలుగో నంబరు పాత జెర్సీ ఇంటికి పట్టుకెళ్తావా, దాచిపెట్టాను' అని అడిగాను. వాడి మొహం చూశాక తెలిసింది నేనేం చేశానో." అంటూనే ఆరిన తువ్వాళ్ల దొంతర ఎత్తుకుని బయటికి వెళ్లిపోయింది.

"ఎప్పట్నుంచి తెలుసన్నా నీకు?" అన్నాడు కెప్టెన్.

"రెండు వారాలు."

"రెండు వారాలు." వాడు ఒక మేజోడు తీసి, దాని జత కోసం బుట్టలో వెతకసాగాడు. "సోమవారం నాడు మావాడిని ఇక్కడి స్కూల్లోనే పై క్లాసులో చేర్పించానని చెప్పాను. నువ్వు 'మంచి స్కూలు' అన్నావు."

ఇతను నీళ్లు నమిలాడు. "నీకు తెలిసే ఉంటుందేమో అనుకున్నా. నువ్వే అడుగుతావేమో అని..."

"నేనడగాలా? నన్ను తీసేశారా అన్నా అని నేనొచ్చి అడగాలా?" కెప్టెన్ గొంతు పెద్దదేమీ కాలేదు. అరిచి ఉంటే ఇతనికి కాస్త తేలికయ్యేది. "తీసేసినందుకు కాదన్నా నా బాధ. నా కాళ్ల సంగతి నాకు తెలీదా? ఇవాళ కాకపోతే రేపు. నువ్వు చెప్తే ఇద్దరం కూర్చుని ఒక గంట మాట్లాడుకునేవాళ్లం. నీ ఆట అయిపోయినప్పుడు ఎలా ఉందో అడిగేవాణ్ణి. నీకు తప్ప ఎవరికి తెలుస్తుంది ఇక్కడ? ఇప్పుడు నాకు ఎవరు చెప్పారు? ఈ కాగితం చెప్పింది."

మిషన్లలో ఒకటి ఆగి కీచుమంది. ఇద్దరూ దానికేసి చూశారు.

"నువ్వు ఎదుటివాళ్లందరినీ బంతి పట్టుకుని మీదికొస్తున్నట్టే చూస్తావు," అన్నాడు కెప్టెన్. "నేను నీ జట్టువాణ్ణన్నా. నీ పక్కన నిలబడ్డవాణ్ణి. మాతో ఎందుకు బారెడు దూరం?"

 కెప్టెన్ మేజోళ్లు రెండూ జత చేసి ఉండలా చుట్టి బుట్టలో వేశాడు.

"మీ అమ్మాయి చేసిందా ఈ వారం?" అని అడిగాడు వెళ్తూ. ఆదివారం ఐదింటి సంగతి జట్టులో అందరికీ తెలుసు. ఆ టైముకు పందెం కట్టినా కోచ్ ఇంట్లోంచి బయటికి రాడని నవ్వుకునేవాళ్లు.

"లేదు."

"నువ్వు చేశావా?"

 కెప్టెన్ కాసేపు చూసి వెళ్లిపోయాడు.

గ్యాలరీ మెట్లెక్కి పై వరసలో కూర్చున్నాడు గోడ. రోజూ కింద నుంచి చూసే గ్రౌండు పై నుంచి చూస్తే చిన్నదిగా, పరాయిదిగా కనిపించింది. మూల జెండా దగ్గర గ్రౌండు మనిషి సున్నం బండి తోసుకుంటూ గీతలు గీస్తున్నాడు. మధ్యాహ్నం రెండు కావస్తోంది. పన్నెండు వేలమంది పట్టే గ్యాలరీలో ఒక్కడే ఉన్నాడు. ఒకప్పుడు ఇక్కడ కూర్చున్న జనమే తనకు పేరు పెట్టారు. వాళ్లలో ఒక్కరి ఇల్లూ తనకు తెలియదు. ఇరవై ఏడేళ్లు ఈ దేశంలో ఉండి, తను పిలవాల్సినవాళ్లు ఎవరెవరని లెక్కేస్తే ఒక చేతి వేళ్లు కూడా మిగిలిపోయాయి. ఏడవాలనిపించింది. కానీ ఏడుపు కూడా దానంతటదే వస్తుందని చూస్తూ కూర్చునే రకం మనిషి.

ఫోన్ తీశాడు. ఏడేళ్లుగా అందులో ఉన్న నంబరు. అటు నుంచి మూడొందలసార్లు మోగింది. ఇటు నుంచి ఒక్కసారి కూడా వెళ్లలేదు. అవతల మోగితే ఎలా వినిపిస్తుందో కూడా అతనికి తెలియదు.

నొక్కాడు. మోగింది. ఆరుసార్లు మోగి క్లిక్కుమంది.

"హలో! ఇది నా ఫోన్," అంది ఒక పసిగొంతు. జలుబుతో ముక్కు దిబ్బడేసిన గొంతు. ఈ దేశపు భాషలో, క్లాసులో పద్యం అప్పజెప్పినట్టు గడగడా చెప్పుకుపోయింది. "నేను ఇప్పుడు ఎత్తలేను. స్కూల్లో ఉన్నానేమో. కూత వినిపించాక మీ పేరు, మీ పని చెప్పండి. థాంక్యూ!"

ఫోన్ కొన్న రోజున రికార్డు చేసి మళ్లీ ముట్టుకోని మాటలు. అతను నవ్వబోయాడు. అంతలో ఆ గొంతు తగ్గింది. ఎవరో వింటారని చేతులు అడ్డం పెట్టుకున్నట్టు, ఫోన్‌కు మరీ దగ్గరగా వచ్చింది. భాష మారింది. తనూ భార్యా వంటగదిలో మాట్లాడుకున్న భాష.

"నాన్నా, నువ్వైతే పెట్టెయ్యకు. మళ్లీ చెయ్యి. నేను ఎత్తేదాకా చేస్తూనే ఉండు, సరేనా?"

కూత వినిపించింది. అతను కంగారులో పెట్టేశాడు. పెట్టెయ్యకు అన్న మాట చెవిలో ఉండగానే పెట్టేశాడు.

ఆరేళ్ల కిందటి మాట ఒకటి గుర్తొచ్చింది. వేసవి సెలవులకు పిల్లను దింపడానికి వచ్చిన భార్య స్టేషనులో అంది: "అది అంత నోరు విడిచి అడిగినా నీకు చెయ్యాలనిపించలేదంటే ఇంక నిన్నేమనాలి?" దేని గురించో ఇతనికి అర్థం కాలేదు. ఆమే చెప్తుందిలే అనుకున్నాడు. ఆమె తిరుగు రైలు వచ్చేసింది. అతను విన్నాడనీ, విని కూడా ఊరుకున్నాడనీ ఆమె అనుకుంది. ఏడేళ్లుగా ఆ పిల్ల స్నేహితులు విన్నారు, టీచర్లు విన్నారు, దారితప్పి వేరే నంబరు నొక్కినవాళ్లు కూడా విన్నారు. ఎవరికోసం చెప్పిందో వాడొక్కడే వినలేదు.

మళ్లీ నొక్కాడు. ఆరుసార్లు మోగింది. క్లిక్కు. "హలో! ఇది నా ఫోన్." చివరిదాకా విన్నాడు. మళ్లీ నొక్కాడు. "...చేస్తూనే ఉండు, సరేనా?" "సరే," అన్నాడు పైకే. మళ్లీ నొక్కాడు. కింద గ్రౌండు మనిషి బండి ఆపి తల పైకెత్తి చూశాడు. గోడ మెట్ల మీద ఒంటరిగా కూర్చుని మొహం తుడుచుకుంటూ ఫోన్ నొక్కుతున్నాడు. గ్రౌండు మనిషి తల దించుకుని మళ్లీ బండి తోసుకున్నాడు.

ఏడోసారి మూడు మోతలకే ఎత్తింది.

"నాన్నా?" ఎక్కడో వరండాలో పరిగెడుతున్న అడుగుల చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. "ఏమైంది? ఆస్పత్రిలో ఉన్నావా? ఎవరైనా పక్కనున్నారా? ఫోన్ వాళ్లకివ్వు!"

 అతను ఫోన్ చేశాడంటే ప్రాణం మీదికి వచ్చిందని తప్ప ఆ పిల్లకు ఇంకో అర్థం తోచలేదు.

"ఏం కాలేదమ్మడూ. బాగానే ఉన్నా."

"మరి?"

"ఊరికే చేశాను."

 "ఊరికేనా? క్లాసులో ఉన్నా. ఏడుసార్లు చేశావు. టీచరే కంగారుపడి వెళ్లమన్నారు."

"ఎత్తేదాకా చేస్తూనే ఉండమన్నావుగా."



"అదా," అంది మెల్లగా. "మా ఫ్రెండ్స్ అందరికీ కంఠస్థం అది. చివరి ముక్క అర్థం తెలీదు, అయినా పాటలాగా అంటారు. అర్థం ఏంటని అడిగితే ఏదో మంత్రం అని చెప్పాను." ముక్కు ఎగబీల్చింది. "ఇప్పుడు విన్నావా?"

"ఇప్పుడే విన్నాను. మొదటిసారి."

 మామూలుగా అయితే ఇక్కడ అతను కాచుకుని నిలబడేవాడు. ఆమె కోప్పడుతుందో, క్షమిస్తుందో, తేల్చుకునేదాకా చూసేవాడు. ఇప్పుడు మాత్రం కళ్లు మూసుకుని మీదికి దూకాడు.

"ఆట ఎందుకు మానేస్తున్నావు? నువ్వు మానెయ్యడం నాకు ఇష్టం లేదు. ఆ రోజు చెప్పలేదు. ఆ చివరి నిమిషం వీడియో నలభైసార్లు చూశాను నేను. మానేస్తే మానేశావు, ఆటదేముంది. కానీ నువ్వు ఎందుకు బాధపడుతున్నావో నాకు చెప్పకుండా మానెయ్యకు. రెండేళ్లుగా సెలవులకు ఎందుకు రావడం లేదో కూడా చెప్పు. నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను."

ఒక్క గుక్కలో అన్ని మాటలు అతను పుట్టాక ఎన్నడూ మాట్లాడి ఉండడు.

"నేను చెప్పి నెలవుతోంది నాన్నా," అంది ఆమె. గొంతులో మెత్తదనం లేదు. "ఈ నెలంతా నువ్వేం చేస్తావా అని చూశాను. నేను చెయ్యకపోతే నువ్వు చేస్తావేమో అని."

"తెలుసు."

"ఏం తెలుసు నీకు? తొమ్మిదేళ్లు నాన్నా." గొంతు వణికింది. అంతలోనే సర్దుకుంది. "ఇప్పుడు మాట్లాడలేను. లోపల పిలుస్తున్నారు."

"సరే, నీ ఇ..." అనబోయి నాలిక కరుచుకున్నాడు. "క్లాసులు ఎన్నింటికి అయిపోతాయి?"

"నాలుగింటికి. ఎందుకు?"

"నాలుగింటికి చేస్తాను."

"నేనే చేస్తాలే," అంది ఆమె, అలవాటుగా.

"వద్దమ్మడూ. నేనే చేస్తాను," అన్నాడు అతను.